మొగ కొట్టిన ఏడు

కాలేజీ కాగితాల్లో నా పనికి పెద్ద పేరే ఉంది. గెడ్డ సముద్రంలో కలిసే చోట నీటి లవణీయత గతంలో ఎలా మారుతూ వచ్చిందో పునర్నిర్మించడం. ఆ పేరు గట్టిగా చదివితే నాకే నాలుక తిరగదు. మా బావ దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"అంటే నీళ్ళెప్పుడు సెడ్డాయో సూస్తావన్నమాట. అంతే కదేటి?"

అంతే. ఇన్నేళ్ళలో నా పనిని ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. ఆ జవాబు కోసం మట్టిలో గొట్టం దించినవాడూ బావే, జవాబు దొరికాక నలిగిపోయినవాడూ బావే.

బావంటే మా అప్ప మొగుడు; మా వైపు అక్కని అప్ప అంటాం. వాళ్ళ ఊరు నౌపడ ఉప్పు మడులు దాటి భావనపాడు వైపు వెళ్ళే దారిలో, గెడ్డ ఒడ్డున ఉంటుంది. నేను కాపురం ఉండేది నరసన్నపేటలో. శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి రాళ్ళూ మట్టీ గురించి పాఠం చెబుతాను. అప్ప ఇంటికి వెళ్ళడానికి నాకు పండగలూ పబ్బాలూ అక్కర్లేదు. బస్సు దొరికితే చాలు.

ఆ గెడ్డ కొండల మీంచి వచ్చి వాళ్ళ ఊరి దగ్గరే సముద్రంలో పడుతుంది. పడే చోటుని మొగ అంటారు. సముద్రం ఇసక తెచ్చి మొగకి అడ్డంగా పోస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం మొగ మూసుకునే ఉండేది. లోపల గెడ్డ నిండుగా, తియ్యగా నిలబడేది. రెండు పక్కలా వరి. ఒడ్డున ఇసకలో చేత్తో చెలమ తవ్వుకుని తాగేవాళ్ళం. నా చిన్నప్పుడు అప్పకి పెళ్ళైన కొత్తలో ఆ చెలమ నీళ్ళు తాగాను, ఆ రుచి ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు అక్కడ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాల్సిందే. పొలాల మీద తెల్లటి ఉప్పు పెచ్చు కట్టింది. గడ్డి కూడా మొలవదు.

ఎందుకిలా అయిందని ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే మాట. చిన్నబావ రొయ్యల చెరువులు తవ్వించాడు, సముద్రం నీళ్ళు మోటార్లతో పైకి తోడాడు, ఊరు ఉప్పయిపోయింది. చిన్నబావంటే బావకి సొంత తమ్ముడు. గెడ్డ పక్కన మొట్టమొదట చెరువు తవ్వింది అతనే. తర్వాత ఇంకొందరు తవ్వారు, కానీ పేరు మాత్రం అతనికే మిగిలింది. అన్నదమ్ములిద్దరిదీ ఒకే అరుగు. బావ ఆ అరుగు మధ్యలో సిమెంటు రేకులు నిలబెట్టి అడ్డం కట్టాడు. తమ్ముడితో మాట మానేశాడు. చిన్నబావ భార్యని పేరంటాలకి పిలవడం మానేశారు. "ఊరు ముంచినోడి ఇల్లు" అని ఆ ఇంటికి పేరు. ఆ మాట ఆవిడ ఎదురుగానే అనేవాళ్ళు, సిగ్గూ శరమూ లేకుండా.

నేనూ నమ్మాను. ఎందుకు నమ్మను? చెరువులు కళ్ళ ముందున్నాయి, ఉప్పూ కళ్ళ ముందుంది.

అలా ఉండగా చిన్నబావకి కిడ్నీలు పోయాయి. మా వైపు ఇది ఇంటింటి జబ్బు, ఈ వార్త వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏ ఊరు, ఎన్నాళ్ళైంది, డయాలసిస్ మొదలెట్టారా అని అడుగుతారు. అదీ మా బతుకు. అతన్ని టెక్కలి తీసుకెళ్ళి తీసుకొస్తున్నారు. మొదట నడిచి ఆటో ఎక్కేవాడు, తర్వాత ఎత్తి ఎక్కించాల్సి వచ్చింది. రేకులకి ఇవతల కూర్చుని బావ ఆ ఆటో చప్పుడు వింటూ ఉండేవాడు. అప్ప రోజూ పోరేది. "నీ తోడబుట్టినోడు. ఒక్కసారి ఎల్లి సూడు. ఏటి పోతాది నీది?"

నేను వెళ్ళినప్పుడు ఒకసారి ఇదే గొడవ జరుగుతోంది. బావ విసురుగా నా వైపు తిరిగాడు.

"ఒసే మరదలా, నువ్వు మట్టి సదువుతావు కదా. తవ్వి సూడు. వాడి సెరువులే ఈ ఊరిని సెడగొట్టినాయని సెప్తే నాను ఈ అరుగు దిగను. కాదని నీ మట్టి సెప్పిందా, ఎల్లి వాడి కాళ్ళట్టుకుంటాను. ఇదే నా మాట."

నాకు ఒళ్ళు మండింది. చావుబతుకుల్లో ఉన్న తమ్ముణ్ణి చూడ్డానికి మట్టి పర్మిషన్ కావాలా ఈ మనిషికి? అదే అన్నాను. "కావాలే" అన్నాడు మొండిగా. సరే, నా చేతిలో ఉన్నది మట్టే. ఎలాగూ ఆ మొగ మీద పని చెయ్యాలని కాలేజీలో అడుగుతూనే ఉన్నాను.

గొట్టం దించిన రోజు మాత్రం సరదాగానే గడిచింది. లావుపాటి ప్లాస్టిక్ గొట్టాన్ని గెడ్డ అడుగు బురదలో నిలువుగా నిలబెట్టి, నెత్తిన చెక్క పెట్టి, సమ్మెటతో దించాలి. కూలీని పెట్టుకుందామంటే బావ ఒప్పుకోలేదు. పంచె ఎగ్గట్టి తనే కొట్టాడు. "ఊరికి సూదిమందు ఏస్తన్నామే" అని నవ్వాడు. పైకి లాగేటప్పుడు బురద గొట్టాన్ని వదల్లేదు. గొలుసు కట్టి అందరం పట్టుకు లాగితే ఒక్కసారిగా ఊడొచ్చి నేను వెనక్కి బురదలో కూలబడ్డాను. అప్ప అంబలి సత్తుగిన్నె పక్కన పెట్టి పడీపడీ నవ్వింది. "ఓలమ్మ, పెద్ద సదువు సదివి ఇదేటే నీ పని."

ఇంటికి తెచ్చి పెరట్లో గొట్టాన్ని నిలువునా కోశాం. మట్టి రెండు చెక్కలుగా విడిపోయింది, మినపరొట్టెని మధ్యకి చీల్చినట్టు. అడుగున బూడిదరంగు మెత్తటి మట్టి. అక్కడక్కడ సన్నటి ఇసక చారలు. పైన, కాస్త మందంగా, గరుకైన సముద్రపు ఇసక పొర ఒకటి. దాని మీద మళ్ళీ మట్టి. ఆపైన నల్లగా, కుళ్ళు కంపు కొట్టే పొర.

"ఈ నల్లదేటి?"

"చెరువుల నుంచి వదిలిన మురికి. రొయ్యల మేత, పెంట."

"సూసినావా మరి" అన్నాడు అప్ప వైపు చూసి. తర్వాత వేలు కిందికి జరిపి ఆ మందపు ఇసక మీద పెట్టాడు. "ఇది?"

"పెద్ద తుపాను వచ్చింది కదా బావా, మీ కొబ్బరిచెట్లు పడిపోయిన తుపాను. అప్పుడు సముద్రం లోపలికి తోసిన ఇసక."

బావ వేలు అక్కడే ఉంచాడు. అప్పటిదాకా ఉన్న నవ్వు లేదు. "సాల్లే, మూసీ. ఎండ తగిలితే పాడైపోతాదేమో" అన్నాడు. సమ్మెట కొట్టి అలిసిపోయాడు కాబోలు అనుకున్నాను.

మట్టిలో నీటి రుచి ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. నీళ్ళలో కంటికి ఆనని గుల్ల జీవులుంటాయి. కొన్ని రకాలు ఉప్పు ఉంటేనే బతుకుతాయి. కొన్ని ఉప్పు తగిలితే చస్తాయి. చచ్చాక వాటి గుల్లలు అడుక్కి చేరి మట్టిలో ఉండిపోతాయి. పొర పొరకీ మట్టి తీసి, జల్లెడలో కడిగి, మైక్రోస్కోపు కింద సన్నటి కుంచెతో ఏ రకం ఎన్ని ఉన్నాయో వేరు చేస్తే, ఆ పొర పడినప్పుడు పైన నీళ్ళు తీపో ఉప్పో తెలిసిపోతుంది. తెలివితేటలకంటే మెడనొప్పి ఎక్కువ కావాలి దీనికి. కాలేజీ అయ్యాక, సెలవుల్లో, నెలల తరబడి అదే పని. అవతల టెక్కలి ఆటో తిరుగుతూనే ఉంది. అప్ప ఫోన్ చేసి "ఇంకా తేలనేదా?" అంటే నాకు ఏడుపొచ్చేది. తేల్చకుండా ఏదో ఒకటి చెప్పేస్తే బావ నమ్ముతాడు. కానీ చెప్పలేను. అది నా వల్ల కాదు.

తేలింది. అడుగు మట్టిలో తీపినీటి గుల్లలే. సన్నటి ఇసక చార వచ్చిన ప్రతిచోటా, అంటే పాత తుపాను వచ్చిన ప్రతిసారీ, చార మీద కాస్త దూరం ఉప్పు గుల్లలు కనిపించి మళ్ళీ మాయమయ్యేవి. ఆ తర్వాత మళ్ళీ తీపే. తుపాను తెచ్చిన ఉప్పుని వానలు కడిగేసేవి, మొగ మూసుకునేది, గెడ్డ కోలుకునేది. ఎన్ని దెబ్బలు తిన్నా ప్రతిసారీ కోలుకుంది. ఆఖరి మందపు ఇసక మీద మాత్రం ఉప్పు గుల్లలు వచ్చాయి, ఇక పోలేదు. పైకి వెళ్ళేకొద్దీ అవే. చెరువుల నల్లపొర దానికి జానెడు పైన ఎక్కడో మొదలైంది.

నేను నమ్మలేదు. అవతలి ఒడ్డు నుంచి ఇంకో గొట్టం తీయించి మళ్ళీ మొదట్నుంచీ చేశాను. అదే జవాబు. ఉప్పు ముందొచ్చింది, చెరువులు తర్వాతొచ్చాయి. చెరువులు పాపం చెయ్యలేదని కాదు. ఆ కుళ్ళు ఊరికి మేలు చెయ్యదు. కానీ నీళ్ళు చెడింది వాటివల్ల కాదు. ఆ తుపాను తర్వాత మొగ మూసుకోలేదు. ఎందుకు మూసుకోలేదో ఆలోచించడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. ఆ రోజు ఊరంతా మొగ దగ్గరే ఉంది.

వానాకాలంలో గెడ్డ పొంగి చేలు మునిగితే ఆ ఊరివాళ్ళు మొగ కొట్టేవాళ్ళు. అది వాళ్ళ ఆనవాయితీ. మగవాళ్ళు పారలతో ఇసకలో మనిషి పట్టేంత కాలవ తీసేవాళ్ళు. ఆడవాళ్ళు పసుపునీళ్ళు పోసి, కొబ్బరికాయ కొట్టి, "అమ్మా, మా నీళ్ళు తీసుకో, నీ నీళ్ళు ఉంచుకో" అనేవాళ్ళు. పైనీరు పోయేది. కొద్దిరోజుల్లో అలలు ఇసక తోసి మొగని మళ్ళీ మూసేసేవి. తవ్వింది చేతులతో కాబట్టి మూయడం సముద్రానికి లెక్కలోది కాదు.

ఆ పెద్ద తుపానుకి వరి వెన్ను తీసి గింజ పట్టబోతోంది. గెడ్డ పొంగి వెన్నులు మునిగిపోతున్నాయి. పారలతో అయ్యే పని కాదని బావ ప్రొక్లెయిన్ మిషను మాట్లాడి తెచ్చాడు. ఎక్కడ తవ్వాలో చూపించింది తనే. లోతుగా తవ్వమన్నది తనే. ఊరంతా ఒడ్డున నిలబడి ఈలలు వేసింది. నీళ్ళు దిగిపోయాయి, ఆ పంట దక్కింది. బావని భుజాల మీద ఎక్కించుకుని తెచ్చారట. ఆ ఏడు "నీ నీళ్ళు ఉంచుకో" అన్నవాళ్ళు లేరని అప్ప అంటుంది. అన్నా ఆ మిషను మోతలో వినపడి ఉండదు.

ఆ తర్వాత మొగ మూసుకోలేదు. ప్రతి పోటుకీ ఉప్పునీళ్ళు లోపలికి రావడం మొదలైంది. వరి వేస్తే ఎర్రబడి పోయింది, మళ్ళీ వేస్తే మళ్ళీ పోయింది. ఏదీ పండని నేలలో చిన్నబావ చెరువు తవ్వాడు. ఇది అందరి కళ్ళ ముందూ జరిగిందే. కానీ జనం జ్ఞాపకంలో చెరువు ముందుకొచ్చి, మొగ వెనక్కి పోయింది.

చెప్పడానికి వెళ్ళినప్పుడు బావ వాకిట్లో జీడిగింజలు ఎండబోస్తున్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. చేత్తో గింజలు సర్దుతూనే విన్నాడు.

"నాకు తెలుసే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"మొగ వల్లేనని. మొదట్నించీ తెలుసు."

"మరి నన్నెందుకు తవ్వించావు బావా? ఇన్ని నెలలు..."

"మట్టి గానీ వేరేలాగ సెప్తాదేమోనని సూసినాను." గింజల మీంచి చూపు ఎత్తలేదు. "ఊరంతా వాణ్ణే అంటంటే, నాను ఊరుకున్నాను. తరవాత నానూ అన్నాను. ఒకపాలి అన్నాక, ఎనక్కి తీసుకోడానికి నోరు రానేదు. వాడు కూడా ఏనాడూ ఎదురు సెప్పనేదు. ఒక్కమాట అనుంటే బాగుణ్ణు. అన్నియ్యా, మిషను తెచ్చింది నువ్వు కదేటి అని ఒక్కమాట."

నేను పెద్దంతరం చిన్నంతరం చూడలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. నీకు మనసుందా, ఆ ఇంటి ఆడదాన్ని అన్ని మాటలంటుంటే ఎలా కూర్చోగలిగావు, ఆ రేకులు ఎవరికి అడ్డం కట్టావు అని అరిచాను. గుమ్మంలో అప్ప చేట పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలీదు. చేట కింద పెట్టి, "తిట్టుకోడాలు తరవాత. బేగి ఎల్లండి. ఈరోజు ఆడికి టెక్కలిలో డయాలసిస్" అంది.

టెక్కలి ఆటోలో బావ నా పక్కన కూర్చుని దారంతా కాలి బొటనవేలితో చెప్పు బెజ్జాన్ని గోకుతూనే ఉన్నాడు. వార్డులో చిన్నబావ డయాలసిస్ మిషను పక్కన పడుకుని ఉన్నాడు. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. పెదాలు బీటలు తీశాయి. ఆ జబ్బులో నీళ్ళు కొలిచి ఇస్తారు. దాహం చంపేస్తుంది, తాగనివ్వరు. అన్నని చూసి ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు.

"కూకో అన్నియ్యా" అన్నాడు. నాలికతో పెదాలు తడుపుకుని, "సెలమ నీళ్ళు తెచ్చినావేటి?" అన్నాడు.

బావ నా మొహం చూశాడు. "అయ్యి ఉప్పురా ఇప్పుడు. తాగలేం."

"ఎప్పట్నించి?"

నా పని మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. అన్ని నెలలు మెడ వంచుకుని నేను వెతికింది అదే. జవాబు నేను చెప్పగలను, కానీ చెప్పాల్సింది నేను కాదు. బావ మంచం ఇనపకమ్మీ పట్టుకున్నాడు.

"నాను మొగ కొట్టించిన ఏడు నించి" అన్నాడు.

చిన్నబావ కళ్ళు మూసుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"నాకెందుకు సెప్తన్నావు" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "నాకు తెల్దేటి? నాను ఆ పొద్దు అక్కడే ఉన్నాను. ఎల్లి ఊళ్ళో సెప్పు."

బావ అతని కాళ్ళు పట్టుకున్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆ కాళ్ళు వాచి ఉన్నాయి, బావ వేళ్ళు పడ్డ చోట గుంటలు పడి అలాగే ఉండిపోయాయి.

ఇంటికొచ్చి రేకులు తీసేశాడు. టెక్కలి వెళ్ళే ప్రతిసారీ తమ్ముణ్ణి తనే ఎత్తి ఆటో ఎక్కించాడు. కానీ ఊళ్ళో చెప్పలేదు. సంత రోజు అందరూ ఉంటారు, అప్పుడు సెప్తానన్నాడు. సంత వచ్చి పోయింది. అమ్మవారి గుడి కాడ మీటింగ్ ఉన్నాది, అక్కడ సెప్తానన్నాడు. వెళ్ళి కూర్చుని లేచొచ్చాడు. నేను ఫోన్ చేసినప్పుడల్లా "సెప్తానే, సెప్తాను, నువ్వు గొంతు మీద కూకోకు" అనేవాడు. ఈ వాయిదాల్లోనే ఒక తెల్లవారుజామున చిన్నబావ పోయాడు. ఆ చివరి రోజుల్లో అతను ఊళ్ళో చెప్పావా అని అన్నని ఒక్కసారీ అడగలేదని అతని భార్య చెప్పింది.

పెద్దకర్మ రోజు ఊరంతా వచ్చింది. ఊరు ముంచినోడి ఇంట్లో చాలా ఏళ్ళకి మళ్ళీ ఊరు విస్తరి వేసింది. చచ్చాక ఎవరికీ అభ్యంతరం ఉండదు. వడ్డన మొదలుపెట్టబోతుంటే బావ లేచి నిలబడ్డాడు.

"ఒక మాట. మన నేల పాడైంది మా తమ్ముడి సెరువుల వల్ల కాదు. ఆడి సెరువులు తరవాతొచ్చినాయి. మొగ నాను కొట్టించినాను. మిషను నాను తెచ్చినాను. ఉప్పు అప్పుడు లోపలికొచ్చినాది. తప్పు నాది. ఆడిది కాదు."

అప్పుడు ముందు వరసలో కూర్చున్న పెద్దాయన, ఆ రోజు బావని భుజం మీద మోసినవాళ్ళలో ఒకడు, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"సూసినారా. అన్నంటే అలాగుండాల. పోయినోడి తప్పు తన నెత్తినేసుకుంటన్నాడు."

విస్తళ్ళ ముందు తలలన్నీ ఊగాయి. ఎంత మంచి మనిషి, అన్నారు. ఇంత సేసినా తమ్ముణ్ణి ఒగ్గనేదు, అన్నారు. బావ "కాదర్రా, నిజంగా నానే" అంటుంటే ఇద్దరు లేచి భుజాలు పట్టి కూర్చోబెట్టి చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి, మట్టిలో ఉంది, నేను చూశాను, రెండు ఒడ్డుల్లోనూ చూశాను, ఉప్పు ముందు, చెరువులు తర్వాత అని గట్టిగానే చెప్పాను. పెద్దాయన నా వైపు జాలిగా చూశాడు. "నువ్వు బావ మాట కాక ఏటి సెప్తావమ్మా. మరదలివి కదా." వాళ్ళకి నా మీద కోపం కూడా రాలేదు. ఆ రోజు ఒడ్డున ఈలలు వేసినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. మా మాట నిజమైతే ఆ ఈలలు వాళ్ళ నోటికి తిరిగొస్తాయి.

వడ్డన మొదలైంది. చిన్నబావ భార్య అన్నం గిన్నె పట్టుకుని వరస దాటుకుంటూ వచ్చి బావ ముందు ఆగింది. తెల్లచీర కొంగు తలమీంచి జారితే సర్దుకుంది. అన్నేళ్ళ తర్వాత ఆవిడ బావతో మాట్లాడడం నేను చూడ్డం అదే మొదలు. గొంతు పెంచలేదు.

"ఆయన బతికుండగా సెప్పుంటే నమ్మేవోలు బావా" అంది.

విస్తట్లో అన్నం పెట్టి పక్క విస్తరికి వెళ్ళిపోయింది. బావ ఆ గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు. నీళ్ళు తాగలేదు, కిందా పెట్టలేదు.